పాత పైథాన్ పక్కన కొత్తది

ఆఫీసులో నా పని "వద్దు" అని చెప్పడం. ఉద్యోగంలో చేరినప్పుడు అలా ఎవరూ చెప్పలేదు, పదకొండేళ్లలో అది అలా తయారైంది. షోళింగనల్లూరులో మా ఆఫీసు ఐదో అంతస్తులో కిటికీ లేని చల్లటి గది ఒకటుంది. అందులో సర్వర్లు. వాటిని చూసుకునేది నేను. ఎవరైనా వచ్చి ఇది పెట్టండి, అది మార్చండి అని అడిగితే ముందు నా నోట్లోంచి వచ్చే మాట అదే.

మాది ఈ తమిళ నగరంలో తెలుగువాళ్లు ఎప్పటినుంచో ఉన్న తొండియార్‌పేట. నాన్న హార్బరులో కూలి. బడి చదువంతా తమిళంలో. తెలుగు అక్షరాలు మాత్రం ఆదివారం చర్చిలో అమ్మ పక్కన కూర్చుని, పాటల పుస్తకంలో వేలు పెట్టి నేర్చుకున్నాను. తర్వాత పాలిటెక్నిక్‌లో డిప్లొమా. ఆఫీసులో నా చుట్టూ ఉన్నవాళ్లంతా ఇంజినీర్లు. మీటింగుల్లో వాళ్లు గడగడా ఇంగ్లీషు మాట్లాడుతుంటే నేను నోరు విప్పేదాన్ని కాదు. సర్వర్ల గదిలో మాత్రం నా మాటే చెల్లేది. "వద్దు" అనే మాట అంత తేలిగ్గా రావడానికి అదీ ఒక కారణమేమో అని ఇప్పుడు అనుకుంటాను.

మేము కంటి ఆసుపత్రులకు సాఫ్ట్‌వేరు చేస్తాం. మా సర్వర్లలోనూ, ఆ ఆసుపత్రుల సర్వర్లలోనూ ఉండేది ఒకటే రకం లినక్స్. ఎవరైనా తెరిచి చూసుకోగలిగిన, వాడుకోగలిగిన సిస్టమ్. కానీ ఆ రకాన్ని తయారుచేసేవాళ్లు మహా జాగ్రత్తపరులు. ఒకసారి విడుదల చేశాక, అందులో ప్రోగ్రాములు రాసే ఏ భాష ఏ వెర్షన్‌లో ఉందో పదేళ్ల పాటు అదే ఉంటుంది. ఎక్కడైనా లోపం బయటపడితే దాన్ని సరిచేసి ఇస్తారు, కొత్త హంగులు చేర్చరు. ఈరోజు నడిచిన ప్రోగ్రాం తొమ్మిదేళ్ల తర్వాత కూడా అలాగే నడవాలన్నది వాళ్ల పట్టుదల. ఆసుపత్రికి కావలసిందీ అదే. ఆపరేషన్ మధ్యలో కంప్యూటరు తన ఇష్టానికి మారిపోతే ఎలా? నాకా సిస్టమంటే గౌరవం. కొంచెం ప్రేమ కూడా.

వరంగల్ నుంచి ఒక అమ్మాయి మా టీములో కొత్తగా చేరింది. ఇరవై నాలుగేళ్లుంటాయి. ఫోటోలు చూసి జబ్బు పసిగట్టే ప్రోగ్రాములు రాయడంలో దిట్ట. చేరిన రెండో రోజే నా దగ్గరికొచ్చి, "అక్కా, మీరు తెలుగేనా?" అంది. అవునన్నాను. నేను "ఈడ", "ఆడ" అంటుంటే మొదట్లో ముసిముసిగా నవ్వేది. ఆమె "గట్ల", "గిట్ల" అంటుంటే నేనూ నవ్వేదాన్ని. క్యాంటీన్‌లో కలిసి తినేవాళ్లం. అంతవరకు బాగానే ఉంది.

ఆమె రాస్తున్న ప్రోగ్రాం నిజంగా గొప్పది. షుగర్ ఉన్నవాళ్ల కంటి వెనక పొరను ఫోటో తీసి ఇస్తే, చూపు పోయే ప్రమాదం ఎవరికుందో అది చెబుతుంది. ఎన్నూరు దాటి సముద్రం ఒడ్డునున్న పల్లెలకు ఒక ఆసుపత్రి వ్యాన్లు పంపి, కెమెరాతో ఫోటోలు తీయిద్దామనుకుంది. ఫోటోలు ఆసుపత్రి సర్వరుకు వస్తాయి, ప్రోగ్రాం చూస్తుంది, ప్రమాదమున్నవాళ్లను అదే వ్యాన్లో డాక్టరు దగ్గరికి తీసుకెళతారు. లేకపోతే ఫోటోలన్నీ డాక్టర్లు ఒక్కొక్కటిగా చూసి కబురుపెట్టేసరికి వారాలు పట్టేది. చేపల పనికి పోయే మనుషులు వారాల తర్వాత మళ్లీ దొరుకుతారా?

చిక్కల్లా ఒక్కటే. ఆమె ప్రోగ్రాం రాసిన భాష పైథాన్. అందులో కొత్త వెర్షన్ కావాలి. మా సిస్టంలో ఉన్నది ఎప్పటిదో పాతది. ఆమె వచ్చి అడిగింది. నేను వద్దన్నాను. మళ్లీ అడిగింది. కుదరదన్నాను. సిస్టమే మార్చేద్దామంటే ఆసుపత్రిలో మిగతా సాఫ్ట్‌వేర్లన్నీ దాన్ని నమ్ముకుని ఉన్నాయి, అదీ కుదరదన్నాను.

సోమవారం మీటింగులో మేనేజరు ఆ సంగతి ఎత్తాడు. మూడు వారాల్లో వ్యాన్లు బయల్దేరాలి, ప్రోగ్రాం సిద్ధంగా ఉంది, మరి దేనికి ఆగాం అని అడిగాడు. ఎవరూ నా పేరు చెప్పలేదు. అందరూ నావైపు చూశారు. పాత పైథాన్ జోలికి పోతే సర్వరు పడిపోతుందని తమిళంలో అన్నాను. ఎందుకు పడిపోతుంది, దారి లేదా అని అతను మామూలుగానే అడిగాడు. దారి కోసం నేనెప్పుడూ వెతకలేదు. ఆ రోజు ఆ అమ్మాయి క్యాంటీన్‌లో వేరే బల్ల దగ్గర కూర్చుంది.

గురువారం పొద్దున పదిన్నరకు ఆమె సర్వర్ల గది తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అక్కా, నేను పెద్ద తప్పు చేసిన," అంది. "టెస్టు మిషన్ల పాత పైథాన్ తీసేసిన. దాని జాగల కొత్తది పెడదామనుకున్న. ఇప్పుడు అసలు ఏదీ ఇన్‌స్టాల్ అయితలేదు."

నాకు వెంటనే అర్థమైంది. ఆ సిస్టంలో కొత్త సాఫ్ట్‌వేరు తెచ్చిపెట్టే పనిముట్టు ఒకటుంటుంది. అది రాసిందే పాత పైథాన్‌లో. పాతదాన్ని పెరికేస్తే ఆ పనిముట్టు చచ్చిపోతుంది. ఇక కొత్తది తేవడానికీ దారి ఉండదు, పాతది వెనక్కి తేవడానికీ ఉండదు. తీసేయవద్దని సిస్టమ్ హెచ్చరించే ఉంటుంది. ఇంటర్నెట్‌లో ఎవరో రాసింది చూసి, ఆ హెచ్చరికను దాటే ఆదేశం ఇచ్చేసింది. ప్రోగ్రాములన్నీ ముందు పరీక్షించి చూసేది ఆ టెస్టు మిషన్ మీదే, నలభై మంది పని ఆగిపోయింది.

తిట్టాలన్న కోపం వచ్చింది. వచ్చిన మాట నిజం. కానీ తప్పు తనదేనని తనే వచ్చి చెప్పింది. అలాంటి పిల్లను తిట్టబుద్ధి కాలేదు. పదకొండేళ్లుగా అందరికీ వద్దు వద్దు అని చెప్పాను గానీ, ఎందుకు వద్దో ఒక్కరికీ కూర్చోబెట్టి చెప్పలేదు. మూసిన తలుపు ముందు నిలబెడితే ఎవరైనా గోడ దూకడానికే చూస్తారు.

"కూర్చో," అన్నాను. "ఏం చేసినావో వరసగా చెప్పు. ఒక్కటి కూడా దాచొద్దు."

ఆమె చెప్పింది, నేను కాగితం మీద రాసుకున్నాను. ఆ పనిముట్టు పోయినా, దాని కింద ఇంకో చిన్న పనిముట్టుంటుంది. దానికి పైథాన్ అక్కర్లేదు. తనంతట తాను ఏదీ వెతికి తేలేదు గానీ, ఫైలు తెచ్చి చేతికిస్తే పెడుతుంది. మరి సరిగ్గా అదే వెర్షన్ ఫైలు ఎక్కడ దొరుకుతుంది? సిస్టమ్ తయారుచేసేవాళ్లు లోపం సరిచేసిన ప్రతిసారీ, వాళ్లు పంపే ఫైళ్లన్నీ నేను ఒక డిస్కులో దాచిపెడతాను. జాగా దండగ అని రెండుసార్లు నాతో వాదించారు కూడా. ఆ డిస్కులో వెతికితే ఆ పాత పైథాన్, ముక్క పోకుండా, ఉంది.

ఆమెనే కీబోర్డు ముందు కూర్చోబెట్టాను. నేను పక్కన నిలబడి ఒక్కో ఆదేశం చెప్పాను. ఆరు ఫైళ్లు. ఒకటి పెట్టాలంటే ఇంకోటి కావాలంది, అది తెచ్చాం. దానికి మరోటి కావాలంది, అదీ తెచ్చాం. పన్నెండుంబావుకు ఆ పనిముట్టు లేచి మాట్లాడింది. ఎందుకు ఆగిందో బయట ఎవరికీ తెలియకుండానే మిషన్ మళ్లీ మామూలుగా నడిచింది. అయినా నలభై మందికీ ఉత్తరం రాశాను, జరిగింది జరిగినట్టు. ఆమె పేరు రాయలేదు. కొత్తది పెట్టే సరైన దారి నేను చూపించకపోవడం వల్ల ఈ పొరపాటు జరిగిందని రాశాను. ఆ ఉత్తరం చదివి ఆమె నా బల్ల దగ్గరికొచ్చింది. టీ తెచ్చి పెట్టి వెళ్లింది.

ఆ మధ్యాహ్నం నుంచి నేను వెతకడం మొదలుపెట్టాను. వెతికితే దొరికింది. చెప్పాలంటే సిగ్గేస్తుంది, ఆ జాగ్రత్తపరులే దారి వేసి ఉంచారు. వాళ్లకీ తెలుసు, కొత్త భాషలు కావలసినవాళ్లుంటారని. అందుకని కొత్త పైథాన్‌ను, రాసిన ప్రోగ్రామును మిషన్ నడపగలిగేలా మార్చే కొత్త కంపైలర్‌ను విడిగా ఒక సంకలనంగా కట్టి ఇస్తున్నారు. అది సిస్టంలో కలవదు. ఒక పక్కన తన సొంత ఫోల్డరులో కూర్చుంటుంది. ఎవరు కావాలని అడిగితే వాళ్లకే కనబడుతుంది. మిగతా సిస్టమంతా పాతదానితోనే, ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. నాలుగేళ్లుగా ఉంది ఆ ఏర్పాటు. నేను ఆ పేజీ ఒక్కసారైనా తెరవలేదు.

మర్నాడే ఇద్దరం టెస్టు మిషన్ మీద మొదలుపెట్టాం. కొత్త పైథాన్ పది నిమిషాల్లో కూర్చుంది. ఇక అయిపోయిందనుకున్నాం. కాలేదు. ఫోటోలు చదివే భాగాన్ని అక్కడే కంపైల్ చేసుకోవాలి, దానికి పాత కంపైలర్ చాలలేదు. సంకలనంలోంచి కొత్త కంపైలర్ తెచ్చాం, నడిచింది. ఆమె చప్పట్లు కొట్టింది. నేను మిషన్‌ని ఆపి మళ్లీ ఆన్ చేశాను. ప్రోగ్రాం లేవలేదు. ఎంతసేపు చూసినా కారణం తెలియలేదు. చివరికి ఆమెకే తట్టింది. కొత్త పైథాన్ కావాలని మేం అడిగింది మా తెరమీదే. మిషన్ తనంతట తాను లేచి ప్రోగ్రాం మొదలుపెట్టినప్పుడు ఆ మాట దానికి ఎవరూ చెప్పలేదు. మొదలుపెట్టే స్క్రిప్టులో ఒక్క లైను చేర్చాం. ఆ తర్వాత ఎనిమిదిసార్లు ఆపి ఆన్ చేశాను. ఎనిమిదిసార్లూ లేచింది.

ఆసుపత్రి సర్వరుకు వ్యాన్ల నుంచి ఫోటోలు వచ్చే సొంత లైను తప్ప బయటి ఇంటర్నెట్ లేదు. కావలసినవన్నీ ఒక డ్రైవులో తీసుకెళ్లాలి. ఏ ఒక్కటి మరిచినా అక్కడ దిక్కుండదు. అందుకని ఆఫీసులో ఒక ఖాళీ మిషన్ తీసుకుని, నెట్‌వర్క్ కేబుల్ పీకి ఆమె చేతికిచ్చి పట్టుకోమన్నాను. డ్రైవులోంచి మొత్తం పెట్టి, ప్రోగ్రాం నడిచి ఒక ఫోటో చదివేదాకా ఆ కేబుల్ ఆమె చేతిలోనే ఉంది.

ఆసుపత్రికి వెళ్లిన రోజు నేను బ్రాడ్వే బస్టాండులో దిగి, జార్జి టౌన్ సందుల్లో తోపుడుబండ్ల మధ్య నుంచి నడుచుకుంటూ పోయాను. ఆమె ఆఫీసు క్యాబులో వచ్చి గేటు దగ్గర ఎదురుచూస్తోంది. అక్కడ కంప్యూటర్లు చూసుకునే పెద్దాయనకు అరవైకి దగ్గరుంటాయి. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. జార్జి టౌన్‌లోనే పుట్టి పెరిగిన తెలుగాయన. నా యాస వినగానే తమిళం వదిలేశాడు.

"ఏమ్మా, తొండియార్‌పేటనా," అన్నాడు. "కూర్చో. కానీ ముందే చెప్తా ఉండా. ఈడ ఈ మిషన్ ఏడేండ్లుగా ఒక్క దినం కూడా పడుకోలేదు. దాంట్లో కొత్తది పెట్టేది లేదు."

ఆ మాట విని నాకు నవ్వొచ్చింది, దిగమింగాను. నన్ను నేనే ఎదురుగా చూస్తున్నట్టుంది. ఆయన అడిగిన ప్రశ్నలన్నీ నేను అడిగే ప్రశ్నలే. పాతదాన్ని ముట్టుకుంటారా? ముట్టుకోం. లోపాలు బయటపడితే ఎవరు సరిచేస్తారు? సిస్టమ్ చేసేవాళ్లే, కొన్నేళ్ల పాటు. ఆ కొన్నేళ్లు అయిపోతే? అప్పటికి ఇంకో కొత్త సంకలనం దీని పక్కనే పెట్టుకోవచ్చు. ఒక్కో ప్రశ్నకు నేను తెచ్చిన కాగితాలు చూపించాను. ఆయన చదివాడు, మళ్లీ చదివాడు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆ సిస్టంలో ఒక మంచి గుణముంది. దానిలోని ఒక్కో ఫైలూ అసలు ఎలా ఉండాలో దానికి గుర్తుంటుంది. ఏమైనా మారాయా అని అడిగితే జాబితా ఇస్తుంది. పెట్టడానికి ముందు ఒక జాబితా, పెట్టాక ఒక జాబితా తీస్తాను, రెండూ ఒకటిగా లేకపోతే నేనే తీసేసి వెళ్లిపోతానన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, అదే రకం మిషన్ ఇంకోటి పక్కన ఉంది, ముందు దాని మీద చేసి చూపించమన్నాడు.

చేశాను. ముందు జాబితా, తర్వాత జాబితా పక్కపక్కన పెట్టి పోల్చమని కంప్యూటరుకే చెప్పాను. తేడా ఏమీ లేదని తెర ఖాళీగా నిలబడింది. నాకది చాలు. ఆయనకు చాల్లేదు.

"బాగుండాది," అన్నాడు. "ఇప్పుడు తీసెయ్యి."

వరంగల్ అమ్మాయి ఉలిక్కిపడి నా ముఖంలోకి చూసింది. "తీసెయ్యాల్నా సార్?" అంది.

"పెట్టేది అందరూ పెడతారు," అన్నాడాయన. "తీసేది చూస్తేనే నాకు నమ్మకం."

అంతకంటే మంచి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అడిగినందుకు ఆ పెద్దాయన మీద అభిమానం కూడా కలిగింది. నేను ఒకే ఒక్క ఆదేశం ఇచ్చాను. కొత్త పైథాన్, కొత్త కంపైలర్, వాటితో వచ్చినవన్నీ వరసగా పేర్లు చెప్పుకుంటూ వెళ్లిపోయాయి. ఒక నిమిషం కూడా పట్టలేదు. మూడో జాబితా తీశాను. మొదటి జాబితాకు, మూడో జాబితాకు అక్షరం తేడా లేదు. పాత పైథాన్‌ని పిలిచాను, పలికింది. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్లు ఒక్కొక్కటి ఆయనే తెరిచి చూసుకున్నాడు. రోగుల చీటీలు, ఆపరేషన్ల పట్టిక, అద్దాల కొట్టు. అన్నీ ఎలా ఉండేవో అలాగే ఉన్నాయి.

ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. పెద్ద మిషన్ వైపు చెయ్యి చూపించి, "పెట్టమ్మా," అన్నాడు.

పెట్టాను. ఇరవై నిమిషాల్లో అంతా కూర్చుంది. ఒక డాక్టరమ్మ కిందికొచ్చి, తాను ముందే చూసి రాసిపెట్టుకున్న ఫోటో ఒకటి ఇచ్చింది. ప్రోగ్రాం ఏం చెబుతుందో చూద్దామని. వరంగల్ అమ్మాయి ఫోటో లోపలికి పంపింది. నాలుగు సెకన్లు. కుడి కన్ను, ప్రమాదం ఉంది, వెంటనే డాక్టరుకు చూపించాలి అని తెరమీద వచ్చింది. డాక్టరమ్మ తన చీటీ తిప్పి మాకు చూపించింది. అదే రాసి ఉంది. ఇంకో పదమూడు ఫోటోలు ఇచ్చింది. వాటిలో పన్నెండు సరిపోయాయి. పదమూడోదాన్లో ఆమె గమనించని చిన్న మచ్చ ఒకటి ప్రోగ్రాం చూపించింది. డాక్టరమ్మ ఫోటో పెద్దది చేసి చూసి, అవును, ఉందండీ అంది. వరంగల్ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

అనుకున్న వారానికే వ్యాన్లు బయల్దేరాయి. మొదటి రోజు నేను ఆఫీసులో కూర్చుని ఆసుపత్రి నుంచి ఫోను వస్తుందేమోనని చూస్తూ గడిపాను. రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు పెద్దాయన ఫోను చేశాడు. మిషన్ పడిపోయిందేమో అనుకున్నాను. ఏమీ కాలేదు, ఒక పల్లెలో వలలు అల్లే ఒకామెను ఆ రోజే తీసుకొచ్చారట, ఇంకో నెల ఆలస్యమైతే చూపు పోయేదని డాక్టర్లన్నారట, చెప్దామని చేశానన్నాడు. మిషన్ ఎట్లా ఉండాదని అడిగాను. "దానికేం, నిద్రపోకుండా నడస్తా ఉండాది," అన్నాడు. ఫోను పెట్టేసి సర్వర్ల గదిలోంచి బయటికొచ్చి, వరంగల్ అమ్మాయి బల్ల దగ్గరికెళ్లి చెప్పాను. ఆమె లేచి నిలబడి హాలంతా వినబడేలా చెప్పింది. మేనేజరు వచ్చి నాకు షేక్ హ్యాండిచ్చి, మిగతా ఆసుపత్రులకూ ఇదే పద్ధతి రాసి ఇవ్వమన్నాడు.

రాశాను. తొమ్మిది పేజీలు. ఎలా పెట్టాలో రాసినంత వివరంగా ఎలా తీయాలో కూడా రాశాను. ఇంగ్లీషులో తప్పులుంటాయేమోనని ఆమెకిచ్చి చూడమన్నాను. ఆమె రెండు కామాలు మార్చి, ఇంకేం ముట్టుకోలేదు.

నెల తిరిగాక పెద్దాయన మళ్లీ ఫోను చేశాడు. నగరంలోని నాలుగైదు ఆసుపత్రుల కంప్యూటరువాళ్లు తన దగ్గరికి వస్తున్నారట, వాళ్లకు ఈ పని నేర్పించడానికి నేను రావాలట. నేనా, అన్నాను. నువ్వు కాక ఇంకెవరమ్మా అన్నాడు. వెళ్లాను. ఇరవై మంది ఉన్నారు, సగం మంది నాకంటే పెద్దవాళ్లు. కూర్చోమని కుర్చీ చూపించారు గానీ నేను కూర్చోలేదు. బోర్డు మీద ఒక పెద్ద పెట్టె గీసి, దాని పక్కన చిన్న పెట్టె గీసి మొదలుపెట్టాను. తమిళం, ఇంగ్లీషు, మధ్యమధ్య నా తొండియార్‌పేట తెలుగు, ఏది నోటికొస్తే అది. రెండు గంటలు నిలబడే మాట్లాడాను. వెనక వరసలోంచి ఒకాయన చెయ్యెత్తి, పాతదాన్నే తీసేసి కొత్తది పెడితే పని తేలిక కదా అని అడిగాడు. మంచి ప్రశ్న అన్నాను. ముందుకొచ్చి అక్కడున్న ఖాళీ మిషన్ కీబోర్డు ముందు కూర్చోమని, ఏం జరుగుతుందో ఆయన చేత్తోనే చేయించి చూపించాను.